డ్యూటీ కుక్క

ప్రమీలారాణిని మోసం చేసే మొనగాడు తిరువూరులో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఊరు అన్నది కాదు, ప్రమీలారాణే అన్నది. వంకాయలు కొంటే ఒక్కోదాని తొడిమ కింద పుచ్చు వెతుకుతుంది. చీర కొంటే కొంగు నలిపి చూసి, వీధిలోకి తెచ్చి ఎండలో చూసి, చివరికి షాపువాడి మొహం కూడా ఒకసారి చూసి అప్పుడు కొంటుంది. అలాంటి మనిషి ఒక్కగానొక్క కొడుక్కి పిల్లని తెచ్చుకోవడంలో ఎంత జాగ్రత్త పడి ఉంటుందో ఎవరూ అడగక్కర్లేదు. అడక్కుండానే చెబుతుంది.

"పదహారు సంబంధాలు వద్దని పదిహేడోది ఖాయం చేశానండీ. నా కన్ను అలాంటిది."

ఆ కంటికి ఆనిన పదిహేడో పిల్ల నీహారిక.

పెళ్లయిన మూడో ఏడు, వినగడప సచివాలయంలో పని ముగించుకుని స్కూటీ మీద ఇంటికొస్తూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద జారి పడింది నీహారిక. తలకి దెబ్బ తగిలింది. కుట్లు పది రోజుల్లో మానాయి. ఆరునెలలు తిరిగేసరికి ఫిట్స్ మొదలయ్యాయి.

కోడలికి జబ్బు చేసిందన్న బాధ ప్రమీలారాణికి లేదనడం అన్యాయం. ఉంది. దానికంటే పెద్ద బాధ ఇంకొకటుంది. ధాన్యం మీద జారిపడితే వచ్చిందని చెబితే ఎవరు నమ్ముతారు? పుట్టుకతో ఉన్న రోగాన్ని దాచిపెట్టి అంటగట్టారంటారు. ప్రమీలారాణి మోసపోయిందంటారు. అందుకని ఆ ఇంట్లో ఫిట్స్ అనే మాట నిషేధం. మూర్ఛ అనే మాట ఇంకా నిషేధం. నీరసం అనాలి. రెండు నెలలకోసారి విజయవాడలో డాక్టరు దగ్గరికి వెళ్లేది చీరలు కొనడానికని చెప్పాలి. ఊళ్లోవాళ్లు అనుకునేదే నిజమైతే నీహారిక బీరువా తలుపు పట్టకుండా చీరలుండాలి. ఉన్నవి మాత్రల డబ్బాలు.

భర్త విశ్వతేజ మంచివాడు. ఎవరు మాట్లాడితే వాళ్లవైపు తల ఊపుతాడు. తల్లీ భార్యా ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఫోను చూసుకుంటాడు. మావగారు దశరథరామయ్యకి మెయిన్‌రోడ్డులో పురుగుమందుల షాపుంది. షాపులో కూర్చుని రైతులకి గంటల తరబడి సలహాలు చెప్పే మనిషి ఇంటికొచ్చేసరికి చెప్పులతోపాటు నోరు కూడా గుమ్మం బయటే విడిచి లోపలికొస్తాడు.

ఒంటరిగా బస్సెక్కడానికి లేదు కాబట్టి నీహారిక ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో తెలియని మనిషి వంటింట్లో కూడా ఒంటరిగా ఉండకూడదన్నారు. అంటే ముప్పై ఏళ్లకే ఎవరో ఒకరి కళ్లముందు కూర్చుని బతకాలి. అప్పుడు డాక్టరుగారే చెప్పారు, ఇలాంటివాళ్ల కోసం కుక్కల్ని తయారుచేసే సంస్థ ఒకటి బెంగళూరులో ఉందని. నీహారిక దరఖాస్తు పెట్టుకుని, పద్నాలుగు నెలలు ఎదురుచూసి, అక్కడికి వెళ్లి మూడు వారాలుండి నేర్చుకుని, రాగిని వెంటబెట్టుకుని వచ్చింది.

రాగి ఆడ లాబ్రడార్. రాగిచెంబు తోమితే వచ్చే రంగు. దాని పని ఒకటే. నీహారిక ఒంట్లో ఫిట్స్‌కి ముందు వచ్చే మార్పేదో అది వాసన పడుతుంది. పట్టగానే వచ్చి ఆమె మోకాలి మీద ముందుకాలితో గీరుతుంది. అప్పటికి ఐదు నిమిషాలో పది నిమిషాలో వ్యవధి ఉంటుంది. నీహారిక ఉన్న పని వదిలేసి ఒక పక్కకి తిరిగి కింద పడుకోవాలి. రాగి ఆనుకుని పడుకుంటుంది. "నూటికి నూరుసార్లూ పట్టుకుంటుందని మాటివ్వను. ఎక్కువసార్లు పట్టుకుంటుంది," అంది దానికి శిక్షణ ఇచ్చిన అనూహ్య. ఆ ఎక్కువసార్లు చాలు నీహారికకి. డిపో చుట్టూ నాలుగుసార్లు తిరిగి, కోటు వేసి ఉంటే కుక్కని బస్సులో ఎక్కించుకోవచ్చని కాగితం రాయించుకుంది. మే నెలాఖరుకి సెలవు అయిపోతుంది. జూన్ ఒకటో తారీఖున వెళ్లి ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే ఉద్యోగం ఉండదు.

రాగి ఇంటికొచ్చిన రోజు ప్రమీలారాణి ముందు చూసింది కుక్కని కాదు, దాని ఒంటిమీదున్న నీలం కోటుని.

"ఇంగ్లీషులో ఏంటి రాసుంది దీనిమీద?"

"సర్వీస్ డాగ్ అని, అత్తయ్యా. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు, పనిలో ఉంది అని."

"ఎవరి పనిలో?"

"నా పనిలో."

"అంటే ఇది తొడిగి వీధిలో తిప్పితే, మా ఇంట్లో రోగిష్టిది ఉందహో అని దండోరా వేసినట్టేగా."

ఆవిడ కోటు విప్పించి, మడిచి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది. "బయటివాళ్లకి ఇది మామూలు పెంపుడు కుక్క. ఫారిన్ జాతి. ఎంతకి కొన్నారని అడిగితే లక్ష అను." తేజ తల ఊపాడు. పేరు కూడా మారింది. రాగి అంటే సామాన్లవాడి కొట్టు గుర్తొస్తోందని రోజీ అని పెట్టింది. రోజీ అని పిలిస్తే రాగి వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారేమోనని చూసేది.

జూన్ ఒకటిన ఎలాగూ కోటు తొడిగి బస్సెక్కించాలి, అప్పటిదాకా రోజూ గొడవెందుకని నీహారిక ఊరుకుంది. ఆ ఇంట్లో అందరూ చేసే పనే తనూ చేసింది. దాని ఫలితం ఏప్రిల్‌లో కనిపించింది.

వినగడప రైతు ఆదిశేషయ్య ఒకరోజు దశరథరామయ్య కోసం ఇంటికొచ్చాడు. రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోట కాపు మొత్తం కొందామనుకుంటున్నాడు, సలహా కావాలి. దశరథరామయ్య ఇంట్లో లేడు. ప్రమీలారాణి వరండాలో కూర్చోబెట్టింది. ఆయన తోట సంగతి చెబుతుండగా నీహారిక మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తుండగానే రాగి లేచి వచ్చి మోకాలి మీద గీరింది. ఒకసారి కాదు, ఆగకుండా. నీహారిక గ్లాసు ఆయన చేతిలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. వెనకే రాగి. తలుపు మూసుకుంది.

"ఏంటమ్మగారూ, నేను తోట మాటెత్తగానే కుక్క అట్లా చేసింది?" అన్నాడు ఆదిశేషయ్య.

ప్రమీలారాణికి తోచిన మాట వెంటనే తోచింది. "అది అంతేనండీ. ఏదన్నా కీడు జరగబోతుంటే దానికి ముందే తెలుస్తుంది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కీడు ఎవరికన్నది మింగేసింది, అంతే.

ఆదిశేషయ్య మజ్జిగ సగంలో వదిలేసి లేచాడు. తోట మానుకున్నాడు. పన్నెండు రోజుల తర్వాత గాలివాన వచ్చి, ఆ తోటలో బంగినపల్లి కాయంతా నేలపాలైంది. ఏటా ఏప్రిల్లో గాలివాన వస్తుంది, ఏటా కాయ రాలుతుంది, దానికి కుక్క అక్కర్లేదు. ఆ మాట అనడానికి అక్కడ ఎవరూ లేరు. మర్నాడు శనివారం, ఆయన మల్లెపూల దండా, కోవా డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వెంట ఆరుగురున్నారు.

"కుక్క కాదమ్మగారూ అది. కాలభైరవుడు," అన్నాడు చేతులు జోడించి.

నిజం చెప్పడానికి ప్రమీలారాణికి అప్పుడొక అవకాశం వచ్చింది. ఆవిడ దండ వైపు చూసింది, కోవా వైపు చూసింది, వెనకున్న ఆరుగురి వైపు చూసింది. చీరని ఎండలో పెట్టి చూసే చూపు అది. సరుకు నాణ్యమైనదేనని తేల్చుకుంది.

"లోపలికి రండి," అంది.

ఇక మంగళవారం, శనివారం దర్శనాలు. వరండాలో ఫ్యాను కింద పట్టుచాప వేసి, దాని మీద రాగిని పడుకోబెట్టి, నుదుట కుంకుమ పెట్టేవాళ్లు. వచ్చినవాళ్లు ప్రశ్న అడుగుతారు. కుక్క లేచి గీరితే కీడు, పడుకుని ఉంటే శుభం. లాబ్రడార్ కుక్క, ఎండాకాలం, ఫ్యాను గాలి. అది లేవడమెందుకు? నూటికి తొంభైతొమ్మిది మందికి శుభమే పలికింది. పత్తి వేయనా మిరప వేయనా అని ఒకాయన అడిగాడు. రెండిటికీ రాగి పడుకునే ఉంది, ఆయన రెండూ వేసుకోవడానికి నిశ్చయించుకుని వెళ్లాడు. పక్కింటావిడ తన మీద ఏదన్నా చేయించిందా అని ఒకామె అడిగితే రాగి ఆవులించింది. ఆ ఆవులింతకి అర్థం చెప్పడానికి ప్రమీలారాణికి పావుగంట పట్టింది. తేజ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి దర్శనం వేళలు అందులో వేసేవాడు. పెళ్లయిన తర్వాత అతను సొంతంగా తలపెట్టిన పని అదొక్కటే.

నిన్నటిదాకా వీధికుక్కల్ని రాళ్లతో తరిమిన మనుషులు ఇవాళ రాగి నోటి దగ్గర ఉడకబెట్టిన గుడ్లు పెట్టి దండాలు పెడుతుంటే నీహారిక వంటింటి గుమ్మంలోంచి చూసేది. నవ్వొచ్చేది మొదట్లో.

"అత్తయ్యా, అది జోస్యం చెప్పదు. నాకు ఫిట్స్ వస్తాయని నాకు చెబుతుంది."

"ఆ మాట వాళ్లతో అంటావా? అను. తర్వాత మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూస్తాను."

"ఉన్నచోటే ఉంటుంది అత్తయ్యా, ఎక్కడికి పోతుంది."

"నోటికేం తక్కువలేదు, నీరసం ఒంటికే," అని ఆవిడ కుంకుమభరిణె తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

నవ్వు ఒక బుధవారంతో పోయింది. దోసెలు పోస్తుంటే ఏ గీరుడూ లేకుండా కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి నేలమీదుంది. మణికట్టు పెనానికి తగిలి తోలు ఊడి వచ్చింది. రాగి వరండాలో ఉంది, ఎవరో వారం కాని వారం వచ్చినాయన చేతిలో గుడ్డు తింటూ. నూనె చిందిందని ప్రమీలారాణి వీధిలో చెప్పింది. నీహారిక కట్టు కట్టుకున్న చేత్తోనే బెంగళూరుకి ఫోన్ చేసింది.

"ఎంత బరువుంది ఇప్పుడు?" అంది అనూహ్య, అంతా విని.

"ముప్పై రెండు."

"నేను పంపినప్పుడు ఇరవై ఎనిమిది. నీహారికగారూ, పదిమంది చేతుల్లో తినే కుక్క పదిమంది చేతులూ చూస్తుంది. మిమ్మల్ని చూడదు. ఆ కోటు ఉన్నదే అందుకు. మే ముప్పయ్యో తారీఖున నేను వస్తాను. పని మర్చిపోయి ఉంటే వెనక్కి తీసుకెళ్లిపోతాను. ఏమీ అనుకోకండి, దానికోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా ఉన్నారు."

నీహారిక తిన్నగా అత్తగారి దగ్గరికి వెళ్లి కోటు ఇమ్మంది.

"కోటు లేదు. దౌలత్‌బీకిచ్చాను. ఆ రాతలు విప్పేసి, చుట్టూ జరీ అంచు కుట్టమన్నాను. దర్శనానికి నిండుగా ఉంటుంది."

దౌలత్‌బీ ఎదురింట్లో మిషను కుడుతుంది. అరవై దాటాయి, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది, నాలుక మాత్రం ఎక్కడికీ జారదు. నీహారిక రాగితో గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి ఆమె రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుంది.

"దాన్ని అక్కడే ఉంచు బేటా. నమాజు టైమయింది, అది తగిలితే మళ్లీ కడుక్కోవాలి. దానిమీద నాకేం కోపం లేదు."

"కోటు కుట్టేశారా అమ్మా?"

"ఏం కుడతాను. మీ అత్త విప్పమంది. విప్పేముందు ఏం రాసుందో చదవమన్నా మా సాహెరాని. చదివింది. కత్తెర పక్కన పెట్టేశా." మనవరాలు సాహెరా పదో తరగతి. "నలభై ఏళ్ల నుంచి కుడుతున్నా. బుర్ఖాకి జరీ వేశా, పెళ్లికొడుకు షేర్వాణీకి వేశా. డ్యూటీలో ఉన్నోడి యూనిఫారానికి వెయ్యలా. కండక్టరు చొక్కాకి అంచు కుడతామా ఎక్కడన్నా?"

గుడ్డ కొలిచే బద్ద చివర కోటు తగిలించి, కుర్చీలోంచి లేవకుండానే అందించింది.

"నాకోసం రాసిన మాటలే అవి," అంది నీహారిక.

"తెలుసు. మీ వంటింటి కిటికీ నా మిషనుకి ఎదురే. రెండేళ్ల నుంచి చూస్తున్నా నువ్వు పడటం."

"ఎవరితోనూ అనలేదే?"

"అడిగితేగా. ఈ వీధిలో అడిగినోళ్లందరూ, విజయవాడలో మీ కోడలుగారి చీరలు ఏ షాపులో తీస్తారని అడిగారు."

నీహారిక కోటు తెచ్చి తన పరుపు కింద పెట్టింది. తొడగాలంటే ముందు దర్శనాలు ఆగాలి. దర్శనాలు ఆగాలంటే నిజం చెప్పాలి. రేపు చెబుదామని రెండుసార్లు అనుకుంది. రెండు రేపులూ నిన్నల్లో కలిశాయి. మే రెండో శనివారం వచ్చింది.

ఆరోజు వరండా నిండిపోయి గేటు దాకా జనం. రాగి మధ్యమధ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోతోందని ప్రమీలారాణి గొలుసు స్తంభానికి కట్టించింది. నీహారిక లోపల అందరికీ టీ పెడుతోంది. ఆదిశేషయ్య మళ్లీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఈసారి బోరు సంగతి. పొలంలో నీళ్ల పాయింటు చూపించుకున్నాడట, వేయించమంటారా అని అడగడానికి.

అడిగీ అడగ్గానే రాగి లేచింది. గొలుసు లాగింది. మూలిగింది. మెడలో దండ తెగి పూలు రాలాయి.

"వద్దంటోందా?" అన్నాడు ఆదిశేషయ్య.

"గట్టిగా వద్దంటోందండీ," అంది ప్రమీలారాణి.

ఆ మూలుగు నీహారికకి తెలుసు. టీ పళ్లెం పట్టుకుని వరండాలోకి వచ్చి, పళ్లెం కిందపెట్టి, గొలుసు విప్పింది. రాగి వచ్చి మోకాలి మీద గీరింది. చుట్టూ ఉన్నవాళ్లందరి చేతులూ లేచి జోడించుకున్నాయి.

"కాస్త జరగండి," అంది నీహారిక. "నేను పడుకోవాలి."

ఎవరూ జరగలేదు. జరగకపోగా దగ్గరికొచ్చారు. ఎవరి మీద గీరుతుందో, ఎవరి కీడు చెబుతుందో వినాలని ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూశారు. వంటింటి దారి మూసుకుపోయింది.

"నుంచో," అంది ప్రమీలారాణి పళ్లబిగువున. "చెప్పనీ దాన్ని."

నీహారికకి వినిపించిన ఆఖరి మాట అది.

తర్వాత జరిగిందంతా ఆ సాయంత్రం దౌలత్‌బీ చెబితేనే తెలిసింది. ఆమె మిషను వదిలి మొదటిసారి ఆ ఇంటి మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని చెప్పింది, కాళ్లు మాత్రం పైకి లాక్కుని, ఎందుకంటే రాగి మంచం కిందే ఉంది.

"నువ్వు పడ్డావు. ఆ కుక్క నీ తల గచ్చుకి తగలకుండా కిందకి దూరింది. అంతమందిలో బుర్రున్నది అదొక్కతే. మీ అత్తకీ ఉందిలే, ఇంకో రకం. రెండు చేతులూ ఎత్తి, 'అమ్మవారు పూనింది, పసుపునీళ్లు తెండి' అని కేకేసింది. ఆ కంగారులో కూడా ఎంత తెలివో చూడు. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. ఒకామె నీ కాళ్లు పట్టుకుని, తల్లీ మా పిల్లకి సంబంధం ఎప్పుడు కుదురుద్ది అని అడుగుతోంది. నువ్వేమో నురగ కక్కుతున్నావు."

"ఆయన లేరా?"

"లేకేం. ఫోను తీశాడు."

"డాక్టరుకి చేశారా?"

"వీడియో తీశాడు బేటా. అమ్మవారిని."

నీహారిక గోడ వైపు తిరిగింది. నాలుక కొరుక్కుపోయి ఉంది, అనాలన్నా నొప్పి.

"అప్పుడొచ్చాడు మీ మామ షాపు నుంచి," అని దౌలత్‌బీ కళ్లజోడు పైకి తోసుకుంది. "జనాన్ని తోసుకుంటూ వచ్చి, మొలనున్న తాళాల గుత్తి ఊడబీకి నీ గుప్పిట్లో కుక్కి, ఇనుము పట్టించండి, ఇనుము పట్టించండి అని ఒకటే కేకలు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని ఇరవై ఏళ్ల నుంచి ఎదురింట్లో ఉండి నాకు తెలియదు. అంతే, అందరూ గప్‌చుప్. ఆ వినగడపాయన లేచాడు. ఏమన్నాడో తెలుసా? 'రామయ్యగారూ, అమ్మవారు పూనితే వేపమండలిస్తారుగానీ, తాళాలిస్తారా?' అన్నాడు."

చేతిలో ఇనుము ఎప్పుడు పెడతారో ఆ వరండాలో తెలియనివాళ్లు లేరు. పొలాల్లో, సంతల్లో, బస్టాండులో మూర్ఛతో పడినవాళ్ల చేతిలో తాళాలు పెట్టి పెరిగిన జనమే వాళ్లంతా. తాళాలతో ఫిట్స్ తగ్గవు, చేతికి గాయమవుతుందని డాక్టరు చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఇన్నాళ్లూ ఏ రోగాన్నీ తగ్గించని ఆ ఇనుము ఆరోజు ఒక అబద్ధాన్ని మాత్రం క్షణంలో తగ్గించింది. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. కోవా తెచ్చినామె కోవా డబ్బా వెనక్కి తీసుకుపోయింది. కాళ్లు పట్టుకున్నామె పంపు దగ్గరికి వెళ్లి, అంటురోగమైనట్టు సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది.

దౌలత్‌బీ వెళ్లాక ప్రమీలారాణి గదిలోకొచ్చింది. వెనక దశరథరామయ్య, ఆయన వెనక తేజ.

"పరువు గంగలో కలిపారు," అంది ఆవిడ మొగుడితో. "ఎట్లాగో సర్దుకొస్తున్నాను కదా నేను. మిమ్మల్నెవరు పెట్టమన్నారు తాళాలు?"

"అలవాటు," అన్నాడు దశరథరామయ్య నేల చూస్తూ.

"ఏం అలవాటు? మనింట్లో ఈ రోగం ఎవరికుంది, అలవాటవడానికి?"

"మా అమ్మకి. నాకు పదేళ్లప్పటి నుంచి నేనే పెట్టేవాణ్ణి."

"మీ అమ్మకా? నేను రాకముందే గుండెజబ్బుతో పోయిందన్నారు మావాళ్లతో."

"గుండెజబ్బు అనలేదు ప్రమీలా. నీరసం అన్నాం."

పదహారు సంబంధాలు తిప్పికొట్టిన కన్ను, ఎండలో చీరపోగు ఎంచే కన్ను, మొగుడి మొహాన్ని ముప్పై అయిదేళ్ల తర్వాత మొదటిసారి పరీక్షగా చూసింది. ఆవిడని మోసం చేసే మొనగాడు తిరువూరులోనే ఉన్నాడు. రోజూ ఆవిడ వండిందే తిని, ఆవిడ పక్క మంచం మీదే పడుకుంటున్నాడు.

నీహారిక లేచి కూర్చుంది. తాళాల గుత్తి ఇంకా తన గుప్పిట్లోనే ఉంది, అరచేతిలో దాని అచ్చు పడింది. షాపు తాళం, గోడౌను తాళం, బీరువా తాళం. అన్నీ వదిలేసి గేటు తాళం ఒక్కటి విడదీసి, మిగతా గుత్తి మావగారికిచ్చింది.

"ఇది నా దగ్గరుంటుంది మావయ్యా. మంగళవారాలు, శనివారాలు గేటు తియ్యను. రాగి ఇవాళ్టి నుంచి నా చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ తినదు. తేజా, ఆ వీడియో తీసెయ్యి. గ్రూపు కూడా."

తేజ తల ఊపాడు. ఊపి తల్లి వైపు చూశాడు. ఆవిడ చూపు ఇంకా మొగుడి మొహం మీదే ఉంది. దిక్కులేక ఫోను తీసి, చెప్పిన పని చేశాడు.

తర్వాతి మూడు వారాలు రాగికి గిన్నె లేదు. కొలిచిన తిండి, గుప్పెడు గుప్పెడుగా, నీహారిక అరచేతిలోనే. మొదటి వారం అది వరండాలోకి వెళ్లి, పట్టుచాప ఉండే చోట పడుకుని, గుడ్లు ఎప్పుడొస్తాయా అని గేటు వైపు చూసేది. నీహారిక పిలిస్తే లేచేది, రెండోసారి పిలిస్తే. రెండో వారం ఒక మధ్యాహ్నం గీరింది. నీహారిక పడుకుంది. ఏడు నిమిషాలకి ఫిట్స్ వచ్చాయి. ముప్పయ్యో తారీఖున అనూహ్య వచ్చి తూకం వేసి, ఇల్లంతా తిప్పి చూసి, "ఇంట్లో పర్లేదు. అసలు సంగతి బయట తెలుస్తుంది, ఎవరో ఒకరు తిండి చూపిస్తారు కదా. సోమవారం మొదటిరోజు ఎలా నడిచిందో దాచకుండా చెప్పండి. దాన్నిబట్టి చెబుతాను, ఉంచాలో తీసుకెళ్లాలో," అంది.

సోమవారం, జూన్ ఒకటి, ఏడున్నర. నీలం కోటు తొడిగి, డిపో కాగితం సంచిలో పెట్టుకుని, నీహారిక గేటు తాళం తీసింది. గేటు అవతల ఒక మొగుడూ పెళ్లాం నిలబడి ఉన్నారు. ఎక్కడి నుంచో పొద్దున్నే బయల్దేరి వచ్చారు, కబురు ఇంకా వాళ్లదాకా చేరినట్టు లేదు. ఆయన చేతిలో ఉడకబెట్టిన గుడ్ల కవరుంది.

"భైరవుడి దర్శనం ఇక్కడేనా అమ్మా?"

వరండాలో ముగ్గు చిప్ప పట్టుకుని నిలబడిన ప్రమీలారాణి అందుకుంది. మూడు వారాలుగా ఆవిడ ఆ ప్రశ్న కోసం తయారయ్యే ఉంది. "ఆ మహిమ గల కుక్క కాశీ వెళ్లిపోయిందండీ. ఇది వేరే కుక్క."

"అదే రంగని చెప్పారే?"

"ఆ జాతే అంత."

ఆయన రాగిని ఎగాదిగా చూశాడు. "పోనీ, తెచ్చాం కదా. దీనికైనా పెడతాం," అని ఒక గుడ్డు తీసి దాని మూతి ముందు పట్టాడు.

రాగి ఆగిపోయింది. ముక్కు రంధ్రాలు అదిరాయి. నాలుక చివర బయటికొచ్చింది. నీహారిక గొలుసు లాగలేదు, పిలవలేదు. లాగి తీసుకెళ్లేదానికి కుక్క ఎందుకు, మేక చాలు. ఎదురింట్లో మిషను చప్పుడు ఆగింది. గుడ్డు ఇంకో అంగుళం ముందుకొచ్చింది.

రాగి తలెత్తి నీహారిక మొహంలోకి చూసింది. తర్వాత గుడ్డుని చుట్టి పక్కకొచ్చి, భుజం ఆమె మోకాలికి ఆనించి నడిచింది. ఎదురింట్లో మిషను మళ్లీ మొదలైంది.

ఆయన చేతిలో గుడ్డు చేతిలోనే ఉంది. "తినదేంటి? ఆ కోటు మీద ఏదో రాసుంది, ఏంటమ్మగారూ అది?"

ప్రమీలారాణికి చెప్పక తప్పలేదు. "ముట్టుకోవద్దు. తిండి పెట్టొద్దు. పనిలో ఉంది."

"ఎవరి పనిలో?"

ఆవిడ ముగ్గు చిప్పని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "మా కోడలి పనిలోనండీ. పిల్లకి కాస్త నీరసం."

నీహారిక అప్పటికే వీధి సగం దాటింది. ఆ మాట వినిపించి ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"ఫిట్స్ అండీ," అంది, వీధి వీధంతటికీ వినిపించేలా. వినగడప బస్సు ఏడూ నలభైకి. రాగితో కలిసి అడుగు పెంచింది.